చిన్నడాక్టరమ్మ బుధవారం

పొద్దున్నే మెట్లు దిగుతుంటే చిన్నడాక్టరమ్మకన్నా ముందు ఆమె చెవులు కిందకి దిగుతాయి. ఈమధ్య అది అలవాటైపోయింది. కింద ముందుగదిలో బావగారి క్లినిక్. బల్లల మీద రోగులు, దగ్గులు, పసిపిల్లల ఏడుపులు. సగం తెరిచిన తలుపు వెనక బావగారి గొంతు. 'ఆపరేషన్' అనే మాట దగ్గరకొచ్చేసరికి ఆ గొంతు కాస్త మెత్తబడుతుంది. ఆ తర్వాత వచ్చే మాట కోసమే ఆమె చెప్పు సరిచేసుకుంటున్నట్టు మెట్టు మీద వంగుతుంది.

"మరీ అంత కంగారు పడకండి. మావాడు చేస్తాడు. వాడి చేయి మంచిది," అంటున్నారు బావగారు లోపల.

మావాడు. ఇవాళ కూడా మావాడే.

ఆ ఇంట్లో డాక్టర్లు ముగ్గురు. వచ్చే రోగులు ఎవరి కోసం వచ్చారో తేల్చుకోలేక వీధివాళ్ళే వాళ్ళకి పిలుపులు పెట్టేశారు. బావగారు పెద్దడాక్టరు. ఆయన తమ్ముడు చిన్నడాక్టరు. ఆ తమ్ముడి భార్య చిన్నడాక్టరమ్మ. పెద్దడాక్టరుది మందులిచ్చి నయం చేసే వైద్యం. కత్తితో పని పడితే ఆస్పత్రికి పంపుతారు. అక్కడ తమ్ముడూ మరదలూ ఇద్దరూ సర్జన్లే. భార్య పోయాక పెద్దడాక్టరుకి ఈ ఇల్లే లోకం. మరదల్ని కూతురిలా చూసుకున్నారు. ఆమె పై చదువుకి ఫీజు కట్టింది కూడా ఆయనే. ఇన్నేళ్ళూ ఒక రోగిని తమ్ముడికి పంపితే ఇంకో రోగిని మరదలికి పంపేవారు. ఆపరేషన్‌కి ఆస్పత్రి ఇచ్చే డబ్బు ఇద్దరికీ ఒకటే రేటు.

ఇప్పుడూ రేటులో తేడా లేదు. పనే రావడం లేదు.

వానలు మొదలైన రోజుల్లో ఒక టీచరుకి పేగులో గడ్డ తీసింది చిన్నడాక్టరమ్మ. ఆపరేషన్ బాగానే జరిగింది. కానీ లోపల పేగు అతుకు విడిపోయింది, చీము పట్టింది, వారం తిరక్కుండానే టీచరు పోయింది. ఎంత గొప్ప సర్జన్‌కైనా ఎప్పుడో ఒకప్పుడు ఇలా జరుగుతుందని ఆమెకి తెలుసు. కానీ తెలిసినంత మాత్రాన కళ్ళు మూతపడవు. అన్ని రాత్రులూ ఆ మంచం పక్కనే కూర్చుంది. ఆఖరి రోజు ఇంటికొచ్చి, భోజనాల బల్ల దగ్గర గ్లాసు అందుకోబోతే చేయి వణికి నీళ్ళు ఒలికిపోయాయి. ఎదురుగా బావగారు ఉన్నారు. చూశారు. లేచొచ్చి తల మీద చేయి వేసి, "కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకో అమ్మా," అన్నారు.

ఆ విశ్రాంతి ఎక్కడ ఆగుతుందో ఆయన చెప్పలేదు. మొదట పేగు కేసులు ఆగాయి, తర్వాత పిత్తాశయాలు, ఆపైన థైరాయిడ్‌లు. ఇప్పుడు ఆమెకి మిగిలినవి సెగగడ్డలూ గోరుచుట్లూ. నెలాఖరుకి భర్త చేతికొచ్చేదాంట్లో మూడోవంతు కూడా ఆమెకి రావడం లేదు.

మొదట్లో ఆమెకి కోపం వచ్చింది. తర్వాత ఆ కోపం ఉన్న చోటికి భయం వచ్చి కూర్చుంది. బావగారు ఎన్ని వేల ఒళ్ళు చూసిన మనిషి! కళ్ళల్లో పచ్చదనం రాకముందే కామెర్లని పసిగట్టే మనిషి. ఆయన నా చేతిలో ఏదో చూశారంటే, నిజంగా ఏదో ఉందేమో? స్నానాలగది తలుపేసుకుని లైటు కింద వేళ్ళు చాచి చూసుకునేది. కుర్చీ చేతికి దారం చుట్టి ముడులు వేసేది, ఒక్క ముడి వదులైతే గుండె జారిపోయేది. ఫోను మోగితే భయం, ఏం చేయాల్సొస్తుందోనని. మోగకపోతే అంతకన్నా భయం.

* * *

వంటింట్లో అత్తగారు రొట్టె కాలుస్తున్నారు. చిన్నడాక్టరు పేపరు చదువుతూ టీ తాగుతున్నాడు. పదేళ్ళ కూతురు, ఇంట్లో అందరూ పిచ్చుక అని పిలిచే పిల్ల, బల్ల కింద కాళ్ళు ఊపుతూ తింటోంది.

"నాన్నా, ఒకటి చూశావా? అమ్మ టీ కప్పుని రెండు చేతుల్తో పట్టుకుంటోంది. చిన్నపిల్లలాగ!"

అప్పుడే లోపలికొచ్చిన బావగారు గుమ్మంలో ఆగారు. ఆయన చూపు తిన్నగా కప్పు మీదకి వెళ్ళింది. చిన్నడాక్టరమ్మకి కప్పు కింద పెట్టాలో పట్టుకునే ఉండాలో తెలియలేదు. కింద పెడితే చప్పుడవుతుందేమో, పట్టుకుని ఉంటే వణుకుతుందేమో.

"చలిగా ఉందే పిచ్చుకా," అంది.

"చలా? నాకు పొయ్యి దగ్గర చెమటతో చీర తడిసిపోతోంది," అన్నారు అత్తగారు. "మీ ముగ్గురు డాక్టర్లూ ఒక్కసారి నా మోకాలి సంగతి చూడండర్రా. ఇంటినిండా వైద్యులే, నొప్పి మాత్రం నాదే."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. చిన్నడాక్టరు మాత్రం పేపరు మడిచి, ఆమె మొహం చూడకుండా, "సూపరింటెండెంటుగారు నిన్ను ఇవాళ కలవమన్నారు," అని చెప్పి లేచిపోయాడు.

"దేనికిట?"

"ఏమో. కలువు."

పదిహేనేళ్ళ కాపురంలో ఆ 'ఏమో' ఆమెకి బాగా తెలుసు. తెలిసీ చెప్పనప్పుడు అతను అనే మాట అది.

* * *

సూపరింటెండెంటు మర్యాదస్థుడు. కుర్చీ తనే జరిపాడు.

"డాక్టరమ్మా, బుధవారం మీకిచ్చిన ఆపరేషన్ థియేటరు ఖాళీగా ఉంటోంది. నర్సులు, మత్తు డాక్టరు, అందరూ ఊరికే కూర్చుంటున్నారు. మీవారికేమో జనం వరసలో ఉన్నారు. అందుకని వచ్చేనెల నుంచి మీ బుధవారం ఆయనకి ఇచ్చేద్దామనుకుంటున్నాం. మీరు వార్డు చూసుకోండి. నెల జీతం. టెన్షన్ ఉండదు, సాయంత్రానికల్లా పాప దగ్గర ఉంటారు."

"ఆయనతో... మాట్లాడారా?"

"మాట్లాడకుండా ఎలాగండీ! సరేనన్నారు. ఒకే ఇల్లు కదా, ఎవరు చేస్తేనేం!"

సర్జన్‌కి థియేటరు రోజు పోతే ఇక మిగిలేది మెడలో స్టెతస్కోపు మాత్రమే. ఆ మాట అనబోయింది. గొంతులోంచి మాత్రం, "ఆలోచించి చెబుతానండీ," అని వచ్చింది.

బయట వరండాలో మత్తు డాక్టరమ్మ ఆపింది. వయసులో పెద్ద, ఎవరికీ జంకని మనిషి.

"ఒప్పేసుకున్నావా?"

"ఇంకా లేదక్కా."

"మొహం చూస్తే ఒప్పేసుకున్నట్టే ఉంది. ఒసే, పోయినేడు మీ ఆయన టేబులు మీద ఒక మనిషి పోయాడు, గుర్తుందా? ఆ తర్వాత కొన్నాళ్ళు ఆయన చేతులు ఎలా వణికాయో నేను చూశాను. పక్కన నిలబడి కుట్లన్నీ వేసింది నువ్వు. మీ బావగారికి చెప్పు ఆ ముక్క."

"నేను చెప్పను."

"ఎందుకూ?"

"ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. పైగా ఇప్పుడు చెబితే, ఆయన్ని పడగొట్టి ఆ వీపు మీద నేను నిలబడ్డట్టు ఉంటుంది. చెబితే ఆయనే చెప్పాలి."

"చెప్పకపోతే?"

పొద్దుటి నుంచి చిన్నడాక్టరమ్మని తరుముతున్న భయం అదే. ఆస్పత్రి గురించీ, చేయి గురించీ కాదు. అతను చెప్పకపోతే, ఆ మనిషి పక్కన రేపటి నుంచి ఎలా బతకాలి?

* * *

మధ్యాహ్నం భోజనానికి అందరూ ఇంట్లోనే ఉంటారు. చిన్నడాక్టరు చేతులు కడుక్కుంటుంటే ఆమె వెనకే వెళ్ళి నిలబడింది.

"నా బుధవారం తీసుకోడానికి సరేనన్నావట."

అతను కుళాయి కట్టలేదు. "కంగారు పడకు. నువ్వు కాస్త కుదుటపడేదాకా..."

"కుదుటపడలేదని నీతో ఎవరు చెప్పారు?"

"అన్నయ్యే పంపడం లేదు, నేనేం చేయను? ఖాళీగా ఉంటే ఎవరికో ఇచ్చేస్తారు. నాకిస్తే ఇంట్లోనే ఉంటుందనుకున్నాను. ఎవరి పేరు మీద వచ్చినా డబ్బు ఇంటికే కదా!"

"డబ్బు ఇంటికే వస్తుంది. నా చేయి ఎక్కడికి పోతుంది? వాడకపోతే ఈ చేయి చచ్చిపోతుంది. ఆ సంగతి నీకు నేను చెప్పాలా?"

"అమ్మ వింటుంది, నెమ్మదిగా..."

"విననీ."

ఆ ఇంట్లో ఆమె గొంతు అంత పైకి లేవడం అదే మొదలు. భోజనాల గదిలోంచి చప్పుళ్ళు ఆగిపోయాయి. వెళ్ళి చూస్తే అత్తగారు గరిటె పట్టుకుని అలాగే నిలబడున్నారు. బావగారు కంచం ముందు తలెత్తి చూస్తున్నారు.

"ఏమైందమ్మా?" అన్నారు బావగారు, ఎప్పటిలాగే మెత్తగా.

ఆ మెత్తదనానికే ఆమెకి ఎక్కువ భయం. గట్టిగా అరిచే మనిషితో దెబ్బలాడొచ్చు. కన్నతండ్రిలా చూసుకునే మనిషిని ఎలా నిలదీయాలి? ఫీజు కట్టిన చేయి అది. కుర్చీ వీపు గట్టిగా పట్టుకుంది.

"బావగారూ, ఒకటడుగుతాను. కోపం తెచ్చుకోకండి. పోయినేడు మీ తమ్ముడి రోగి పోయాక, మళ్ళీ ఎప్పుడు పంపారు ఆయనకి?"

బావగారు ఆలోచించారు. "మర్నాడే అనుకుంటా. ఎందుకు?"

"అప్పుడు నాతో ఏమన్నారో గుర్తుందా? పాపం వాడేం చేస్తాడు, ఆ మనిషి రక్తనాళాలు నానిన దారాల్లా ఉన్నాయి, అన్నారు."

"నిజమేగా మరి."

"నిజమే. మరి నా రోగి పోయినప్పుడు?"

ఆయన కంచం కాస్త ముందుకి నెట్టారు.

"ఆ టీచరు పేగు గురించి ఒక్క మాట అడగలేదు మీరు. నీరసంగా వచ్చిందా, ఆలస్యంగా వచ్చిందా, ఏమీ అడగలేదు. నా చేయి చూశారు. అప్పటి నుంచి ఇప్పటిదాకా నా చేయే చూస్తున్నారు. ఇవాళ పొద్దున్న కూడా."

"అమ్మా, నీ మంచి కోసమే..." బావగారి గొంతు గట్టిపడింది. "చేయి వణికింది. నా కళ్ళారా చూశాను. నన్ను నమ్మి వచ్చిన మనుషుల్ని వణికే చేతికి ఎలా అప్పగించమంటావు? ఇంట్లో మనిషివని రోగుల ప్రాణాలతో ఆటలాడనా? ఇంకొకరు పోతే నువ్వు తట్టుకోగలవా?"

ఆ ఆఖరి ప్రశ్న సూదిలా దిగింది. రోజూ తనని తాను అడుగుతున్న ప్రశ్న అది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇప్పుడు ఏడిస్తే చాలు, చూశావా అంటారు. పళ్ళు బిగబట్టి భర్త వైపు చూసింది. ఏమీ అడగలేదు. చూసింది, అంతే.

చిన్నడాక్టరు గుమ్మంలో నిలబడున్నాడు, తడి చేతులతో. ఒక్క క్షణం అతను తల దించుకున్నాడు. అయిపోయిందనుకుంది.

"అన్నయ్యా," అన్నాడు అతను. "నా చేతులూ వణికాయి."

"ఏంటీ?"

"ఆ మనిషి పోయినప్పుడు. స్నానాలగదిలోకెళ్ళి వాంతి చేసుకున్నాను. మర్నాడు నువ్వు పంపిన పిత్తాశయం కేసులో కత్తి పట్టుకోలేకపోయాను. ఈవిడే చేసింది. ఆ తర్వాత చాలా రోజులు పక్కన నిలబడి కుట్లు ఈవిడే వేసింది. పేరు నాదే రాశారు. డబ్బూ నాకే వచ్చింది. ఎవరికీ చెప్పొద్దని బతిమాలుకున్నాను."

అత్తగారు గరిటె బల్ల మీద పెట్టేశారు.

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదురా?" బావగారి గొంతు పూర్తిగా పడిపోయింది.

"భయం. నువ్వు పంపుతూ ఉన్నావు కాబట్టే నేను నిలబడ్డాను. చేయి మంచిది, చేయి మంచిది అంటుంటే అదే నిజమైంది. అసలు సంగతి చెబితే నువ్వు నా చేయి కూడా చూడటం మొదలుపెడతావని భయపడ్డాను. ఈవిడ కేసులు నాకొస్తున్నాయని నాకు తెలుసు అన్నయ్యా. తెలిసే పుచ్చుకున్నాను." అతను భార్య వైపు తిరిగాడు. ఇంతెత్తు మనిషి పిల్లాడిలా ముంజేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

ముందు తేరుకున్నది అత్తగారే:

"నాకు మీ వైద్యం తెలియదు. చిన్నప్పుడు వీడు పరుగెత్తి పడితే గడపని కొట్టి ఓదార్చేదాన్ని. ఆడపిల్ల పడితే, చూసుకుని నడవొద్దా అని దాన్నే కొట్టేదాన్ని. ఇంకా అదే నడుస్తోందన్నమాట ఈ ఇంట్లో."

బావగారు కంచం ముందు నుంచి లేచారు. అన్నం ముట్టలేదు. క్లినిక్‌లోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. చిన్నడాక్టరమ్మ పక్క కుర్చీలో కూలబడింది. ఏం చేశాను? ఆయన గుండె అసలే అంతంతమాత్రం. తలుపు వెనక నిశ్శబ్దాన్ని వింటూ అలాగే కూర్చుంది. పిచ్చుక వచ్చి ఒళ్ళో దూరింది.

ఎండ వాలుతుండగా తలుపు తెరుచుకుంది. బావగారు వచ్చి ఆమె ఎదురుగా కుర్చీ లాక్కున్నారు. మొహం వాడిపోయి ఉంది.

"వాడి రోగి పోతే రోగిని చూశాను. నీ రోగి పోతే నిన్ను చూశాను," అన్నారు. "అప్పటి నుంచి ఇప్పటిదాకా అది ప్రేమనే అనుకున్నానమ్మా. నువ్వు అడక్కపోతే అలాగే అనుకుంటూ పోయేవాణ్ణి." చేతులు జోడించబోయారు. ఆమె గబుక్కున ఆ చేతులు పట్టుకుంది. అవి కూడా వణుకుతున్నాయి.

* * *

ఆ సాయంత్రమే చిన్నడాక్టరు ఆస్పత్రికి వెళ్ళి, బుధవారం తనకి వద్దని సూపరింటెండెంటుతో చెప్పొచ్చాడు. రెండ్రోజులకి బావగారు ఆమెని క్లినిక్‌లోకి పిలిచారు. లోపల ఒక బస్సు డ్రైవరు, అతని భార్య. డ్రైవరుకి పేగులో గడ్డ. టీచరుకొచ్చినట్టే, అదే చోట.

"ఆపరేషన్ ఈవిడ చేస్తారు," అన్నారు బావగారు.

డ్రైవరు భార్య ఆమెని పైనుంచి కింద దాకా చూసింది. "చిన్నడాక్టరుగారు చేయరా సారూ? ఆయన చేయి మంచిదని మీరే చెప్పారంటగా మావాళ్ళకి."

"చెప్పాను. ఈవిడ చేయి కూడా మంచిదని చెప్పడం మర్చిపోయాను. చాలా నెలలు మర్చిపోయాను. అది నా తప్పు, ఈవిడది కాదు."

ఆ మాట కోసం ఇన్ని నెలలు ఎదురుచూసింది. తీరా వచ్చాక సంతోషం కాదు, చెమట పట్టింది. ఇప్పటిదాకా ఉన్నది పని రాదనే భయం. ఇది పని వచ్చిన భయం. దానికి వంద రెట్లుంది.

బుధవారం పొద్దున్న థియేటరు బయట చిన్నడాక్టరు నిలబడ్డాడు. "నేనూ లోపలికి రానా? ఊరికే పక్కన ఉంటాను."

"వద్దు. నువ్వు ఉంటే రేపు నీ పేరే చెబుతారు." ఆ మాటలో కరుకుదనం ఆమెకే వినిపించింది. ఆగి, "బయట ఉండు. ఎక్కడికీ వెళ్ళకు," అంది.

చేయి వణకలేదని చెబితే అబద్ధమవుతుంది. మొదటి గాటు పెట్టబోయే ముందు సన్నగా వణికింది. ఆమె కత్తి పక్కన పెట్టి, అరచేతిని రోగి పొట్ట మీద ఆనించి కాసేపు ఉంచింది. ఊపిరికి పొట్ట లేస్తోంది, పడుతోంది. మత్తు డాక్టరమ్మ గడియారం వైపు చూస్తూ కూర్చుంది. కాసేపటికి చేయి దాని పని గుర్తు తెచ్చుకుంది. పేగు కోసింది, గడ్డ తీసింది, అతికింది. ఒక్కో కుట్టూ వేసి, లాగి చూసి, ఇంకోటి వేసింది.

అసలు భయం ఆ తర్వాతే. పేగు అతుకు నిలిచిందో లేదో కొన్ని రోజుల దాకా తెలియదు. డ్రైవరుకి కాస్త ఒళ్ళు వెచ్చబడితే ఆమె ఒళ్ళు చల్లబడేది. పొట్ట ఉబ్బిందంటే పరుగెత్తుకొచ్చేది. బావగారు ఏదో ఒక వంకతో రోజూ ఆస్పత్రికి వచ్చి, వార్డు గుమ్మంలో నిలబడి, లోపలికి రాకుండా వెళ్ళిపోయేవారు. తనకన్నా ఆయనే ఎక్కువ భయపడుతున్నారని ఆమెకి అర్థమైంది.

ఒక ఉదయం వార్డులోకి అడుగు పెట్టేసరికి డ్రైవరు భార్య నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వాపుకుంటోంది. డ్రైవరు మొహం సిగ్గుతో కందిపోయింది.

"ఏమైందయ్యా?"

"డాక్టరమ్మా... ఏమనుకోకండి. ఇందాక... కింద నుంచి గాలి వెళ్ళింది."

"గట్టిగానే వెళ్ళిందండీ," అంది భార్య. "పక్క మంచం ఆయన ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు."

చిన్నడాక్టరమ్మ కదలకుండా నిలబడిపోయింది. పేగు పనిచేస్తోంది. అతుకు నిలిచింది. ఒక్కసారిగా నవ్వొచ్చింది, ఆ నవ్వుతోపాటు ఇన్నాళ్ళ ఏడుపూ వచ్చేసింది. మంచం కమ్మీ పట్టుకుని నవ్వుతూ ఏడ్చింది. భార్యాభర్తలిద్దరూ తెల్లమొహాలేశారు. గాలి వదిలితే కళ్ళనీళ్ళు పెట్టుకునే డాక్టర్ని వాళ్ళు ఎక్కడా చూడలేదు.

గుమ్మంలో బావగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. ఈసారి లోపలికి వచ్చారు. డ్రైవరు పొట్ట మీద చేయి వేసి చూశారు, కుట్లు చూశారు. ఆమె చేతి వైపు మాత్రం చూడలేదు.

"అమ్మా, ఒక థైరాయిడ్ కేసు వచ్చింది. పెద్దది, గొంతుకి అడ్డం పడేలా ఉంది," అన్నారు. "పంపనా?"

మళ్ళీ గుండెలో అదే దడ. అది ఇక పోదని ఆమెకి తెలిసింది. చిన్నడాక్టరుకీ పోలేదు, ఈయనకీ పోలేదు. దాన్ని దాచుకోడానికి అందరూ వాళ్ళకి చోటిచ్చారు, తనకివ్వలేదు, అంతే తేడా.

"పంపండి బావగారూ," అంది కళ్ళు తుడుచుకుంటూ. "భయంగానే ఉంది. పంపండి."